మేనకోడల్ని పెంచుకోవడం, గార్డియన్‌షిప్ ఆర్డరు, మధ్యలో మేమిద్దరం: నా అనుభవం

నేను గే. హైదరాబాద్‌లో ఉంటా, ఐటీ ఉద్యోగం, వయసు నలభైకి దగ్గర పడింది. నాలాంటోళ్ళు పిల్లల్ని పెంచడం గురించి తెలుగులో ఎవరైనా రాశారేమో అని అప్పట్లో తెగ వెతికా, దొరికినవన్నీ అమెరికా వాళ్ళ ఇంగ్లీషు రాతలే, అక్కడి ఏజెన్సీలు, అక్కడి ఫారాలు, మనకి వాటితో పనేముంది. అందుకే మా ఇంట్లో జరిగింది రాస్తున్నా. పేర్లు రాయను. నాతో ఉండే మనిషిని మావాడు అంటాను, పిల్లని పాప అంటాను, అంతే.

2023 ఫిబ్రవరిలో మా అక్క, బావ విజయవాడ నుంచి హైదరాబాద్‌కి పెళ్ళికొస్తూ హైవే మీద యాక్సిడెంట్‌లో పోయారు. స్కూలుందని పాపని నాయనమ్మ దగ్గర వదిలి బయల్దేరారు కాబట్టి పాప బతికింది. అప్పుడు దానికి ఎనిమిదేళ్ళు, మూడో క్లాసు. ఆ రోజుల గురించి ఎక్కువ రాయలేను.

పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక పెద్దవాళ్ళంతా కుర్చీలేసుకుని కూర్చుని పాప సంగతి ఎత్తారు. నాయనమ్మకి డెబ్బై దాటాయి, బీపీ. మా అమ్మకి సుగరు, మోకాళ్ళు. బావ వాళ్ళ అన్నయ్య, నేను పెద్ద బావగారు అంటాను, ఆయనకి ఇద్దరు మగపిల్లలు, ఇద్దరూ ఇంటర్ కోచింగుల్లో ఉన్నారు, ఆయన మంచి రెసిడెన్షియల్ స్కూల్ చూసి హాస్టల్లో వేద్దాం ఫీజు నేను కడతా అన్నారు. ఆయన చెడ్డవాడేం కాదు, నిజంగా కట్టేవాడే. కానీ పాప అక్కడే తలుపు పక్కన నిలబడి వింటోంది, హాస్టల్ అనే మాటకి దాని మొహం చూశా, నేను తీసుకెళ్తా అనేశా. ఆలోచించి అన్నది కాదు. మావాణ్ణి అడగనైనా అడగలేదు, బయటికొచ్చి ఫోన్ చేస్తే వాడు కాసేపు ఆగి, మన రెండో రూములో ఏసీ రిపేరుంది కదా రేపే పిలుస్తా అన్నాడు.

పెద్ద బావగారి అభ్యంతరం ఒక్కటే. "పెళ్ళి కాని మగాడి ఇంట్లో ఆడపిల్ల ఎలా ఉంటుంది బాబూ, లోకం ఏమనుకుంటుంది." దీనికి మా పిన్ని దగ్గర సమాధానం రెడీగా ఉంది, అయితే పెళ్ళి చేసేద్దాం అని. చావింట్లో కూడా సంబంధాలు చెప్పగలరు మనవాళ్ళు. చివరికి అమ్మ, "మేనమామ ఉండగా పిల్లని హాస్టల్లో వేశారంటే నన్నంటారు, నేనూ వెళ్ళి కొన్నాళ్ళు ఉంటా" అంది, ఆ మాటతో అందరూ ఊరుకున్నారు. మన దగ్గర చెవులు కుట్టించడం నుంచి పెళ్ళిలో బుట్టలో మోసుకురావడం దాకా మేనమామకి పనులున్నాయి కదా, అన్నేళ్ళూ పెళ్ళీ పెటాకులూ లేనోడని పక్కన కూర్చోబెట్టిన నాకు ఆ వరసే పనికొచ్చింది.

స్కూలు అడ్మిషన్ పెద్ద కష్టం కాలేదు. విజయవాడ స్కూల్లో టీసీ, స్టడీ సర్టిఫికెట్ ఇచ్చారు, ఇక్కడ స్కూల్లో గార్డియన్ ప్రూఫ్ అడిగితే నోటరీ అఫిడవిట్ ఇచ్చా, తీసుకున్నారు. అక్కడితో అయిపోయిందనుకునేవాళ్ళు చాలామంది ఉంటారు, కానీ ఆ నోటరీ కాగితానికి స్కూలు గేటు దాటితే విలువ లేదు. బ్యాంకుకెళ్తే తెలిసింది. అక్క అకౌంటుకి నామినీ బావ, బావ అకౌంటుకి నామినీ అక్క, ఎల్ఐసీ పాలసీలు కూడా అంతే, ఒకరికొకరు. ఇద్దరూ ఒకేసారి పోతారని ఎవరు మాత్రం అనుకుంటారు. తహసీల్దార్ ఇచ్చిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో పాప పేరుంది, కానీ మైనరు, మైనరు తరఫున సంతకం పెట్టడానికి కోర్టు ఆర్డరున్న గార్డియన్ కావాలన్నారు. (దయచేసి ఇది చదివి మీ నామినీలు ఒకసారి చూసుకోండి, ఇన్సూరెన్స్‌లో ఒకరికి మించి నామినీలని పెట్టుకోవచ్చు.)

అప్పుడు లాయర్ దగ్గరకెళ్ళాం. యాభై దాటిన మేడమ్, గట్టి మనిషి. ఆవిడ మొదట చేసిన పని యాక్సిడెంట్ క్లెయిమ్ వేయించడం. 2022 ఏప్రిల్ నుంచి రూలు మారింది, యాక్సిడెంట్ జరిగిన ఆరు నెలల్లోపు ట్రిబ్యునల్లో, అంటే యాక్సిడెంట్ నష్టపరిహారాలు తేల్చే కోర్టులో, క్లెయిమ్ వేయాలి. మైనర్ తరఫున వెయ్యడానికి గార్డియన్ ఆర్డర్ వచ్చేదాకా ఆగక్కర్లేదు, నెక్స్ట్ ఫ్రెండ్ అని చెప్పి దగ్గరి మనిషి వెయ్యొచ్చు. ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్ట్‌మార్టం రిపోర్టు, బావ జీతం స్లిప్పులు, ఇవన్నీ ఏడుపు తగ్గాక చూద్దాంలే అనుకుంటే కుదరదు. మైనర్ వాటా డబ్బు మామూలుగా పద్దెనిమిది నిండేదాకా బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టిస్తారు, మన చేతికివ్వరు. అదే మంచిది, చుట్టాల నోళ్ళు కూడా మూతపడతాయి.

తర్వాత దత్తతా, గార్డియన్‌షిప్పా అన్న ప్రశ్న. జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం ఒంటరి మగాడికి ఆడపిల్లని దత్తత ఇవ్వరు, సెక్షన్ 57లో సూటిగా ఉంది. 1956 నాటి హిందూ దత్తత చట్టంలో మాత్రం ఇస్తారు, మగాడు ఆడపిల్లని తీసుకుంటే ఇద్దరికీ కనీసం 21 ఏళ్ళు తేడా ఉండాలి, పిల్లకి పదిహేను నిండకూడదు, తల్లిదండ్రులు లేకపోతే గార్డియన్ కోర్టు పర్మిషన్‌తో ఇవ్వాలి, ఆ గార్డియన్ తనకి తానే కూడా ఇచ్చుకోవచ్చు. అంటే ఏ దారిలో వెళ్ళినా ముందు గార్డియన్ అవ్వాల్సిందే. పైగా దత్తతయితే కాగితాల్లో తండ్రి పేరు నాది పడుతుంది. అది పాపకి ఇష్టం లేదు. నాకూ లేదు. అక్కా బావల పేర్లు ఉండాల్సిన చోట ఉండాలి. అందుకని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ యాక్ట్ కింద ఓపీ, అంటే ఒరిజినల్ పిటిషన్, వేశాం. అవును 1890, బ్రిటిష్ వాళ్ళదే, ఇప్పటికీ అదే నడుస్తోంది.

పిటిషన్ డ్రాఫ్ట్ చేసేటప్పుడు మేడమ్ పెన్ను పక్కన పెట్టి, ఇంట్లో ఇంకెవరెవరుంటారు అని అడిగింది. రెంటల్ అగ్రిమెంట్‌లో ఇద్దరి పేర్లున్నాయి, దాచేది కాదు. చెప్పేశా. ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు, ఎన్నేళ్ళ నుంచి కలిసుంటున్నారు, వాడికి తాగుడు ఉందా, కేసులేమైనా ఉన్నాయా అని వరసగా అడిగి రాసుకుంది. తర్వాత అన్న మాట నాకింకా గుర్తుంది: "కోర్టు అడగనిది మనం చెప్పం. అడిగితే అబద్ధం చెప్పం. 2018లో సెక్షన్ 377 సంగతి సుప్రీంకోర్టు తేల్చేసింది, ఇద్దరు మగాళ్ళు కలిసుండటం నేరం కాదు. ఇక్కడ చూసేది పిల్ల సంక్షేమం ఒక్కటే." ఇద్దరు ముగ్గురు లాయర్లని కలిసి ఇలా మాట్లాడేవాళ్ళు దొరికితేనే కేసు ఇవ్వండి. అంతకుముందు వెళ్ళిన ఒకాయన, ముందు మీరు పెళ్ళి చేసుకుని రండి సార్ కేసు ఈజీ అవుతుంది అన్నాడు, ఫీజు తీసుకుని మరీ.

ఏ కోర్టులో వెయ్యాలన్నది కూడా ఒక పాయింటే. మైనరు మామూలుగా ఎక్కడ నివాసం ఉంటే అక్కడ. పాప అప్పటికే ఇక్కడి స్కూల్లో చేరి చదువుతోంది కాబట్టి హైదరాబాద్‌లో వేశాం, అటువాళ్ళు ఒప్పుకోకపోతే దీని మీదే కొట్లాట అయ్యేది. నాయనమ్మకీ పెద్ద బావగారికీ నోటీసులు వెళ్ళాయి, పేపర్లో ప్రకటన వేయించమన్నారు, అది చిన్న డబ్బాలో పడింది, ఫలానా మైనర్ బాలికకి గార్డియన్‌గా ఫలానా వ్యక్తి, అభ్యంతరాలుంటే ఫలానా తేదీలోపు. ఆ కటింగ్ చూసి ఊళ్ళోంచి ఎవరో పెద్ద బావగారికి ఫోన్ చేసి నా గురించి ఏదో చెప్పారంట. ఏం చెప్పారో ఊహించుకోవచ్చు.

ఆయన హైదరాబాద్ వచ్చారు. ఆదివారం పొద్దున్నే, చెప్పకుండా. ఆ టైంకి మా ఇంట్లో పరిస్థితేంటంటే పాపకి స్కూల్లో పేలు పట్టాయి, దానికుంటే మాకు రాకుండా ఉంటాయా, ముగ్గురి తలలకీ పేల షాంపూ పట్టించుకుని టవళ్ళు చుట్టుకుని బాల్కనీలో కూర్చున్నాం, మావాడు పాపని రెండు మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని పేల దువ్వెనతో పాయ పాయ తీసి దువ్వి న్యూస్ పేపర్ మీద దులుపుతున్నాడు, పాప ఒక్కొక్కదాన్నీ గోటితో టప్ మనిపించి లెక్కపెడుతోంది. అమ్మ వంటింట్లో పెసరట్లు పోస్తోంది. ఆయన్ని అలాగే కూర్చోబెట్టాం, ఇంకేం చేస్తాం. పెసరట్లు తిన్నారు. ఆ రూమూ ఈ రూమూ చూశారు, పాప గదిలో అక్కా బావల ఫోటో ముందు కాసేపు నిలబడ్డారు. వెళ్ళేటప్పుడు లిఫ్ట్ దగ్గర నన్ను పట్టుకుని, "నాకు చెప్పినవాడు చెప్పాడు. నువ్వేం చెప్పొద్దు. పొలం సంగతి మాత్రం తేలాలి" అన్నారు. పొలం అంటే బావ పేరు మీదున్న రెండెకరాలు. దాంట్లో పాపతో పాటు నాయనమ్మ కూడా బావకి వారసురాలే, హిందూ వారసత్వ చట్టంలో తల్లి కూడా మొదటి వరసలోనే ఉంటుంది, ఇది ఆయనకి తెలీదు. నేను గార్డియన్ అయితే మొత్తం అమ్మేసుకుంటానని ఆయన భయం. కోర్టు పర్మిషన్ లేకుండా గార్డియన్ మైనర్ స్థిరాస్తిని అమ్మలేడు, తాకట్టు పెట్టలేడు, సెక్షన్ 29. మేడమ్‌తో ఫోన్లో మాట్లాడించా. ఆ తర్వాత నాయనమ్మ నో అబ్జెక్షన్ అఫిడవిట్ మీద వేలిముద్ర వేసింది, ఆయనా సంతకం పెట్టారు. అంటే మా విషయంలో ఆయన్ని నిజంగా పీకుతున్నది నా పెళ్ళి కాదు, పొలం. ఎవరింట్లో అయినా అంతే అనుకుంటా, పైకి చెప్పే కారణం ఒకటి, లోపలున్నది ఇంకోటి.

కేసు నడుస్తుండగానే 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు స్వలింగ పెళ్ళిళ్ళ మీద తీర్పిచ్చింది. ఆఫీసులో లైవ్ పెట్టుకుని విన్నా. పెళ్ళి హక్కు లేదని అయిదుగురూ అన్నారు. దత్తత దగ్గర మాత్రం చీఫ్ జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ కౌల్ పెళ్ళి కాని జంటలూ, మాలాంటి జంటలూ కలిసి తీసుకోవచ్చన్నారు, మిగతా ముగ్గురూ కాదన్నారు. మూడు, రెండు. ఆ రోజు సాయంత్రం మావాడు ఏమీ మాట్లాడలేదు, పాప యూనిఫాం ఇస్త్రీ చేస్తూ కూర్చున్నాడు, చేసినవే మళ్ళీ చేశాడు. మేడమ్‌కి ఫోన్ చేస్తే మన ఓపీకీ దానికీ సంబంధం లేదు, నువ్వు ఒక్కడిగా మేనమామగా అడుగుతున్నావు, కంగారు పడకు అంది. నిజమే. కానీ ఒక్కడిగా అడగాల్సి రావడమే కదా అసలు బాధ.

విచారణలో నేను పీడబ్ల్యూ 1, అంటే పిటిషనర్ తరఫు మొదటి సాక్షి, అమ్మ పీడబ్ల్యూ 2. ఎవరూ ఎదిరించలేదు కాబట్టి క్రాస్ ఎగ్జామినేషన్ లేదు. జడ్జి గారు అమ్మని, ఆరోగ్యం బాలేదంటున్నారు కదమ్మా మీరు ఊరెళ్ళిపోతే పిల్లని చూసేదెవరు అని అడిగారు. అమ్మ ఏం తడుముకోలేదు, "చూడ్డానికి ఇద్దరున్నారండి, నేను మూడో మనిషిని" అంది. అంతకుముందు దాకా అమ్మ మావాడి గురించి నాతో ఒక్క మాట మాట్లాడింది లేదు, వాడికి కాఫీలో పంచదార ఎంతో మాత్రం తెలుసు. జడ్జి గారు రెండో మనిషి ఎవరని అడగలేదు. పాపని ఛాంబర్‌లోకి పిలిచి ఒక్కదాంతోనే మాట్లాడారు. బయటికొచ్చాక కారులో అడిగా, ఏమడిగారమ్మా అని.

"అన్నం ఎవరు పెడతారు అన్నారు."

"నువ్వేం చెప్పావ్?"

"చిన్న మామ అని చెప్పా. నువ్వు చేస్తే ఉప్పెక్కువ అని కూడా చెప్పా మామయ్యా."

2024 మొదట్లో ఆర్డర్ వచ్చింది. సర్టిఫైడ్ కాపీలు నాలుగైదు ఎక్కువే తీసుకోండి, బ్యాంకు, ఎల్ఐసీ, ఆధార్, పాస్‌పోర్ట్, అందరికీ కావాలి. అయినా అన్ని తలుపులూ తెరుచుకోలేదు. మా కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్‌లో భార్య, పిల్లలు, తల్లిదండ్రులు ఉన్నారు గానీ వార్డ్ (గార్డియన్ సంరక్షణలో ఉన్న పిల్ల) అనే మాటే లేదు, చట్టబద్ధంగా దత్తత తీసుకున్న బిడ్డయితేనే కుదురుతుందని హెచ్ఆర్ తేల్చేసింది, పాపకి విడిగా పాలసీ తీసుకున్నా. ఇంకోటి, మాకు ఆదాయం ఎక్కువని వర్తించదు గానీ ఎవరికైనా పనికొస్తుంది, మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద ఇలా చుట్టాల దగ్గర పెరిగే పిల్లలకి నెలకి 4,000 ఇస్తారు, కుటుంబ ఆదాయం ఏడాదికి పల్లెల్లో 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు. జిల్లా బాలల సంరక్షణ ఆఫీసులో అడగాలి, దారి తెలీకపోతే 1098కి ఫోన్ చెయ్యండి.

కాగితాల సంగతి సరే. పాపతో మొదటి ఏడాది చాలా కష్టం. రాత్రి లైటు ఆర్పనిచ్చేది కాదు. నేను ఆఫీసు నుంచి లేటయితే ఫోన్ చేసి, హైవే మీద వస్తున్నావా అని అడిగేది, గచ్చిబౌలి నుంచి మియాపూర్‌కి హైవే ఎక్కడిది అంటే నమ్మేది కాదు, మ్యాప్ తెరిచి చూపిస్తే తప్ప. నాయనమ్మ వాళ్ళ ఊరికి చాన్నాళ్ళు రైల్లోనే వెళ్ళాం, తెనాలిలో దిగి ఆటో. స్కూల్లో మదర్స్ డే కార్డు చేయిస్తే చించేసి వచ్చింది, క్లాస్ టీచర్‌తో మాట్లాడి వచ్చే ఏడాది నుంచి ఇంట్లో ఎవరికైనా చెయ్యొచ్చు అనిపించాం. కౌన్సెలర్ దగ్గరకి తీసుకెళ్ళాం, కొన్ని సిటింగ్‌లు పాప మాట్లాడనే లేదు, బొమ్మలేసి వచ్చేది. దాని మానాన దాన్ని వదిలేశాక మెల్లగా మాట్లాడ్డం మొదలెట్టింది. రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టడం మావాడు వీడియోలు చూసి నేర్చుకున్నాడు, నాకు ఇప్పటికీ రాదు, పాపిడి వంకర పోతుంది. మావాడిది వరంగల్, వాడి భాష దీనికి పూర్తిగా అంటుకుంది, తెనాలి వెళ్ళి నాయనమ్మతో "గట్లెట్ల" అంటే ఆవిడ బిత్తరపోయి చూస్తుంది.

మా ఇద్దరి గురించి దానికి పదేళ్ళప్పుడు చెప్పాం. అదే అడిగింది, మీరిద్దరూ అమ్మానాన్నల్లాగానా అని. అవును అన్నా. "స్కూల్లో చెప్పాలా?" అంది. నీ ఇష్టం, చెప్పకపోయినా తప్పు లేదు అన్నాను. ఇద్దరు ఫ్రెండ్స్‌కి చెప్పిందంట, ఒకమ్మాయి మా ఇంటికి రావడం మానేసింది. అది తల్చుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది నాకు.

మొన్న వేసవిలో పెద్దమనిషైంది. ముందే ప్యాడ్స్ కొని పెట్టి మావాడి అక్కతో అన్నీ చెప్పించాం కాబట్టి పాప కంగారు పడలేదు, మేమే పడ్డాం. ఫంక్షన్ వద్దని నేనన్నా, పాపేమో ఓణీ కావాలంది, అమ్మకైతే చెప్పక్కర్లేదు. సరే చిన్నగా చేశాం. అందులో తమాషా ఏంటంటే ఇంటివాణ్ణి నేనే, మేనమామగా బట్టలూ సారె పట్టుకొచ్చేదీ నేనే, గుమ్మం బయటికెళ్ళి పళ్ళెం పట్టుకుని మళ్ళీ మా ఇంట్లోకే వచ్చా, మా పిన్ని పగలబడి నవ్వింది.

ఇప్పుడు మిగిలిన చిక్కు ఒక్కటే, నాకేదైనా అయితే. 2024 ఆగస్టులో కేంద్రం బ్యాంకులకి క్లారిటీ ఇచ్చింది మాలాంటి జంటలు జాయింట్ అకౌంట్ తెరవొచ్చు, ఒకరికొకరు నామినీగా ఉండొచ్చు అని, అది చేశాం. కానీ కోర్టు నియమించిన గార్డియన్ తన తర్వాత ఫలానావాడు గార్డియన్ అని వీలునామా రాస్తే చెల్లదంట. మళ్ళీ కొత్తగా కోర్టుకి వెళ్ళాల్సిందే. ఎవరు వెళ్ళొచ్చు అంటే ఆ పాత చట్టం సెక్షన్ 8లో మైనర్ బంధువు గానీ స్నేహితుడు గానీ అని ఉంది, మావాడు ఆ స్నేహితుడి లెక్కలో వెళ్ళాలి. పాపకి ఊహ తెలిసిన వయసైతే దాని ఇష్టాన్ని కూడా కోర్టు పరిగణిస్తుంది. అప్పుడు చూపించడానికని మేడమ్ సలహాతో నా ఉద్దేశం ఒక కాగితం మీద రాయించాం, పాపని ఇన్నేళ్ళూ నాతో సమానంగా పెంచింది ఈ మనిషే, మేమిద్దరం జీవిత భాగస్వాములం, నా తర్వాత పాప ఇతని దగ్గరే ఉండాలని నా కోరిక అని. దానికి అటువైపు నుంచి ఒక పెద్దమనిషి సాక్షి సంతకం ఉంటే బరువుంటుందంది మేడమ్.

తెనాలి తీసుకెళ్ళి పెద్ద బావగారి ముందు పెట్టా. కళ్ళజోడు తెప్పించుకుని మొదటి లైను నుంచి చివరిదాకా చదివారు, రెండో పేజీ తిప్పి మళ్ళీ మొదటి పేజీకొచ్చారు. నేను టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నా.

"అతని ఇంటిపేరు తప్పు టైపు చేశారు చూడు," అన్నారు. "రేపు కోర్టులో ఇదే పట్టుకుంటారు. మార్పించుకురా, పెడతా."

బజార్లో డీటీపీ షాపుకెళ్ళి మార్పించుకొచ్చా. పెట్టారు.